ఆర్‌తో డేటా విశ్లేషణ, గ్రాఫులు: నా అనుభవం

మెనూలు నొక్కి పని చేసుకోవడానికి అలవాటుపడిన నాకు, గణాంక విశ్లేషణకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పనినీ ఆదేశంగా టైపు చేయవలసి రావడం మొదట్లో విసుగు పుట్టించింది. అయినా దానినే ఎంచుకున్నాను. అది ఉచితం కావడం ఒక కారణమైతే, చేసిన పనంతా స్క్రిప్టులో (ఆదేశాలు రాసి దాచుకునే ఫైలులో) వరుసగా నిలిచి ఉండడం అంతకన్నా పెద్ద కారణం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ బోధనను కూడా దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టిన పని కాబట్టో ఏమో, సాధన చేయడానికి కావలసిన నమూనా డేటా కూడా దానితోనే వస్తుంది.

నేను తీసుకున్నది ఎయిర్‌క్వాలిటీ అనే పట్టిక. 1973 మే నుంచి సెప్టెంబరు వరకు న్యూయార్క్‌లో తీసుకున్న ఓజోన్, సూర్యకిరణ తీవ్రత, గాలి వేగం, ఉష్ణోగ్రత కొలతలు అందులో రోజుకొక వరుస చొప్పున 153 వరుసలుగా ఉంటాయి. ఓజోన్ సగటు ఎంతని అడిగితే సంఖ్యకు బదులు ‘ఎన్‌ఏ’ (విలువ లేదు) అని జవాబు వచ్చింది. 37 రోజుల ఓజోన్ విలువలు పట్టికలో లేకపోవడమే అందుకు కారణం. లేనివాటిని వదిలేసి లెక్కించమని విడిగా చెప్పాకే 42.13 అని చూపించింది. స్ప్రెడ్‌షీట్ అయితే ఖాళీ గడులను చడీచప్పుడు లేకుండా దాటేసి సగటు చేతిలో పెడుతుంది. ఆర్ చూపే ఈ మొండితనమే నాకు నచ్చింది.

అన్నిచోట్లా అంత జాగ్రత్త ఉంటుందనుకోకూడదు. సారాంశం అడిగినప్పుడు, ఓజోన్‌కు ఇచ్చినట్టే నెలకు కూడా సగటు లెక్కగట్టి 6.993 అని ఇస్తుంది. నెల ఇక్కడ కొలత కాదు, వర్గం. ఆ సంగతి చెప్పవలసింది మనమే. ఆ నిలువు వరుసను ఫ్యాక్టర్‌గా (ఆర్‌లో వర్గాలకు వాడే రకంగా) మార్చాక, ఏ నెలలో ఎన్ని రోజులున్నాయో మాత్రమే సారాంశంలో కనిపిస్తుంది.

ఓజోన్ మధ్యగతం (విలువలను వరుసగా పేర్చితే నడిమధ్య వచ్చేది) 31.5 మాత్రమే. సగటు అంతకన్నా అంత ఎక్కువగా ఎందుకుందో హిస్టోగ్రామ్ (ఏ విలువల మధ్య ఎన్ని రోజులున్నాయో పట్టీల ఎత్తుతో చూపే గ్రాఫు) గీస్తే ఒక్క చూపులో తెలిసింది. చాలా రోజులు ఎడమవైపున తక్కువ విలువల దగ్గర గుమిగూడి ఉండగా, కుడివైపు తోక 168 దాకా సాగింది. పట్టీల వెడల్పును మారుస్తూ పలుమార్లు గీసి చూడడం మంచిది; మరీ సన్నని పట్టీలతో గీస్తే ఆకారం కన్నా ఎగుడుదిగుళ్లే ఎక్కువగా కనిపిస్తాయి.

ఉష్ణోగ్రతతో పాటు ఓజోన్ పెరుగుతుందని, రెండు కొలతలు ఎంతగా కలిసి మారతాయో చూపే సహసంబంధ గుణకం (దాదాపు 0.70) చెప్పింది. సరళరేఖను అమర్చితే వాలు (ఒక్కో డిగ్రీకి ఓజోన్ పెరుగుదల) 2.43, అంతరఖండం (ఉష్ణోగ్రత సున్నా దగ్గర రేఖ విలువ) సుమారు మైనస్ 147 వచ్చాయి. అంకెలుగా చూస్తే ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. ఒక్కో రోజును ఒక్కో చుక్కగా చూపే స్కాటర్ ప్లాట్ మీద ఆ రేఖను గీసినప్పుడు మాత్రం, 60 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే అది సున్నా కిందికి దిగిపోవడం కనిపించింది. గాలిలో ఓజోన్ సున్నా కన్నా తక్కువ ఉండదు కదా! పైగా చల్లని రోజుల్లో చుక్కలు దాదాపు సమతలంగా పరుచుకుని, వేడి పెరిగాకే నిటారుగా లేస్తున్నాయి. ఒకే రేఖ ఆ రెండు తీరులకూ సరిపోదు.

నెలవారీగా బాక్స్ ప్లాట్ (విలువల్లో మధ్య సగం ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో పెట్టెగా చూపే గ్రాఫు) వేసినప్పుడు జులై, ఆగస్టు పెట్టెలు మిగతావాటికన్నా పైన నిలిచాయి. జూన్ పెట్టె కూడా వాటి పక్కనే అంతే వెడల్పుతో దర్జాగా కనిపించింది గానీ, నెలల వారీగా లెక్కపెడితే జూన్‌లో ఓజోన్ కొలతలు ఉన్నది 9 రోజులకే. లేని 37 విలువల్లో 21 ఆ ఒక్క నెలవే! పెట్టె వెడల్పు కొలతల సంఖ్యను బట్టి మారేలా చేసే ఐచ్ఛికం బాక్స్ ప్లాట్ ఆదేశంలోనే ఉంది; దానిని ట్రూ (అవును) అని పెట్టగానే జూన్ పెట్టె సన్నబడిపోయింది. ఇప్పుడు ఏ బాక్స్ ప్లాట్ వేసినా ఆ ఐచ్ఛికంతోనే వేస్తున్నాను, ప్రతి వర్గం పేరు కింద కొలతల సంఖ్యను, అక్షాల పక్కన ప్రమాణాలను రాస్తున్నాను.