పదకొండు రోజుల పొడి

మాది అనంతపురం. పెళ్లైన రెండో ఏడు కుడికన్ను మసకబారితే, బెంగళూరులో ఎమ్మారై తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు, అంటే మన ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొరను దెబ్బతీసే జబ్బు. టెరిఫ్లునమైడ్ మాత్ర రోజుకొకటి వేసుకుంటూ మూడేళ్లు బాగానే నెట్టుకొచ్చాను.

పిల్లలు కావాలనుకున్నాక, మాత్ర మానేస్తే సరిపోతుందిలే అనుకున్నా. కాదట. మానేసినా ఆ మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి ఎనిమిది నెలలు, కొందరికి రెండేళ్లు కూడా పడుతుందట, ఈలోపు కడుపొస్తే బిడ్డకు అవకరం వచ్చే భయం ఉందట. మాత్ర మొదలుపెట్టిన రోజే ఈ మాట చెప్పుంటే వేరే మందు అడిగేదాన్ని కదా! ఆ కోపం ఇంకా పోలేదు నాకు.

రెండో డాక్టరమ్మ, ఆ మందును ఒంట్లోంచి త్వరగా బయటికి పంపేందుకు కొలెస్టిరమైన్ పొడి రాసింది. 8 గ్రాములు, రోజుకు మూడుసార్లు, 11 రోజులు. మా ఊళ్లో నాలుగు షాపులు తిరిగినా దొరక్క, తమ్ముడు బెంగళూరు నుంచి రాత్రి బస్సులో తెచ్చిచ్చాడు. నీళ్లలో ఇసుక కలుపుకుని తాగినట్టే ఉంటుంది, పైగా మలబద్ధకం, ఆ బాధ చెప్పుకోలేం. తర్వాత రక్తంలో మందు లీటరుకు 0.02 మిల్లీగ్రాముల లోపే ఉందని రెండుసార్లు, కనీసం 14 రోజుల ఎడంతో, తేలాకే సరేనంది.

"ఏం పాపా, ఈ జబ్బు బిడ్డకు కూడా వస్తుందా?" అని అత్త అడిగింది. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడేనని డాక్టరమ్మ చెప్పిందే ఆమెకూ చెప్పాను. కడుపుతో ఉన్న నెలలు, ముఖ్యంగా చివరి మూడు, హాయిగా గడిచాయి. కాన్పయ్యాక మూడు నెలలు జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని ముందే తెలుసు కాబట్టి, పాలిస్తూనే వాడగలిగే గ్లాటిరమర్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు.

అయినా భయపెట్టింది వేరొకటి. పురిటి స్నానం! మా అవ్వ పొగలు కక్కే నీళ్లు పోస్తుంటే కుడికాలు బరువెక్కింది, కన్ను మసకైంది, తిరగబెట్టిందనుకుని ఏడ్చేశాను. ఫ్యాను కింద కూర్చుంటే గంటలో తగ్గిపోయింది. ఫోన్ చేస్తే, వేడికి పాత లక్షణాలు కాసేపు పైకి తేలతాయి, ఒళ్లు చల్లబడితే పోతాయి, ఒక రోజు దాటినా తగ్గకపోతేనే రమ్మన్నారు.

అవ్వ మాత్రం ఒప్పుకోలేదు, "చల్లనీళ్లు పోస్తే వాతం కమ్ముతుంది" అంది. చివరికి గోరువెచ్చని నీళ్లకు దిగొచ్చింది, చెవుల్లో దూది మాత్రం తీయనివ్వలేదు.