ప్రాణహితలో పడవేసుకుని: వాంగేపల్లి నుంచి సిరొంచ దాకా

మహారాష్ట్ర చివర, తెలంగాణ సరిహద్దులో ఉన్న సిరొంచ వాళ్లకు ప్రాణహిత అంటే స్నానాల ఘాటు, పుష్కరాలు, అవతల కాళేశ్వరం. పైన ఏరు ఎలా ఉంటుందో చేపలు పట్టేవాళ్లు తప్ప మా వీధిలో చూసినవాళ్లు లేరు. నాకు చిన్నప్పటి నుంచీ గాలం పిచ్చి. ఘాటు దగ్గర గాలం వేస్తే ఒక పక్క బట్టలుతుకుతుంటారు, ఇంకో పక్క సెల్ఫీలు. వచ్చిపోయే ప్రతివాడూ "పడ్డదా అన్నా?" అని అడుగుతాడు. చేప పడకపోయినా సర్దుకుంటాను గానీ ఆ ప్రశ్న మాత్రం భరించలేను.

అందుకే పైనుంచి పడవలో దిగుతూ, ఇసుక తిన్నెల మీద పడుకుంటూ, మనిషి అలికిడి లేకుండా కొన్నాళ్లు గడపాలని నేనూ మా బావమరిదీ అనుకున్నాం. అతనిది మంచిర్యాల. ఈత బాగా వచ్చు, మాట్లాడేది తక్కువ. ఇలాంటి ప్రయాణానికి తోడు ఎవరని అడిగితే ఈ రెండు గుణాలే చూడమంటాను.

వార్ధా, వైన్‌గంగ కలిసిన చోటి నుంచి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసేదాకా ప్రాణహిత పొడవు 113 కిలోమీటర్లు. మొత్తం దిగుదామని బావమరిది పట్టు పట్టాడు. నేను ఒప్పుకోలేదు. పై భాగంలో, రెండు నదులు కలిసేచోట, మన ఒడ్డున చప్రాలా అభయారణ్యం ఉంది. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోకూడదు, పోయినా గాలం వేయకూడదు. చేపల కోసం బయల్దేరినవాళ్లకు అక్కడ పనేముంది? కింది భాగంలో కుడి ఒడ్డున, తెలంగాణ వైపు, కృష్ణజింకల కోసం 1980లో ప్రకటించిన ప్రాణహిత అభయారణ్యం ఉంది. అది కూడా వదిలేశాం. చివరికి అహేరి దగ్గర వాంగేపల్లి ఘాటులో పడవ దింపి సిరొంచలో తేలాలని, బస, గాలం రెండూ ఎడమ ఒడ్డు వైపే ఉండాలని నిర్ణయించుకున్నాం. అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లి ఎక్కడ ఆగవచ్చో, ఎక్కడ ఆగకూడదో అడిగి రాసుకున్నాను. మరాఠీలో ఒక అర్జీ కూడా ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకున్నాను. దారిలో ఎవరైనా ఆపి అడిగితే ఆ ముద్ర చాలా మాటల్ని ఆదా చేస్తుంది.

ఎప్పుడు పోవాలన్నది ఏరే చెబుతుంది. వానాకాలంలో ఒడ్లు తన్ని పారుతుంది, పైగా చేపలు గుడ్లు పెట్టే కాలం. ఎండాకాలంలో నీళ్లు మడుగుల్లోకి చేరి, పడవను ఇసుక మీద ఈడ్వాల్సి వస్తుంది. మేడిగడ్డ బ్యారేజీ నిండుగా ఉన్నప్పుడు సిరొంచ దగ్గర నీళ్లు చెరువులా నిలిచేవి. 2023 అక్టోబరు 21న అక్కడ పిల్లర్లు కుంగాక నీళ్లు కిందికి వదిలేశారు. ఏరు మళ్లీ పాయలు పాయలుగా పారడం మొదలైంది. కాబట్టి చివరి భాగంలో ఏ పాయలో పడవ తేలుతుందో వల వేసేవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే, ఫోన్‌లో మ్యాప్ చూసి చెప్పలేం. కార్తీక పౌర్ణమి జనం వెళ్లిపోయాక, నీళ్లు తేటపడ్డాక బయల్దేరాలనుకున్నాం.

ఇంకో లెక్క కూడా ఉంది. ప్రాణహితకు నీళ్లు వచ్చేది పైనుంచే. వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ ఆనకట్ట గేట్లు ఎత్తారంటే ఇక్కడ ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా నీటి మట్టం పెరుగుతుంది. మా దారిలోని టేకడా దగ్గర కేంద్ర జల సంఘం వాళ్ల కొలత కేంద్రం ఉంది. బయల్దేరే ముందు ఆ మట్టం రోజూ చూసేవాణ్ణి. ఆ అంకెలో పెద్ద మార్పు లేకుండా ఉంటేనే కదలాలని షరతు పెట్టుకున్నాం.

పడవ దగ్గర అసలు చర్చ జరిగింది. ఆన్‌లైన్‌లో గాలి నింపే పడవ కొందామని నా ఆలోచన. అద్దెకు నాటు పడవ ఇచ్చే పెద్దాయన అది విని నవ్వాడు. "మొద్దు తాకినంక ఏం జేస్తవు బిడ్డా? నోటితోని ఊదుకుంట కూసుంటవా?" అన్నాడు. నీళ్లలో మునిగిన చెట్ల మొద్దులు ఎక్కడ ఉంటాయో ఆయనకు తెలుసు, నాకు తెలియదు. దాంతో ఆయన పడవే తీసుకున్నాం. ఇద్దరు మనుషులు, సామాను పట్టేంత చిన్నది. ఇచ్చే ముందు ఆయన దాన్ని ఒడ్డున రెండు దుంగల మీద ఎత్తిపెట్టి, లోపల బిందెలతో నీళ్లు పోశాడు. కాసేపటికి అడుగున రెండు పలకల మధ్య సన్నటి తడి గీత కనిపించింది. అక్కడ సుద్దముక్కతో గీత గీసి, నీళ్లు వంపేసి, ఎండబెట్టి, తారు కాచి పూశాడు. బయటి నుంచి నీళ్లలో పెట్టి చూస్తే కనపడని కారే చోటు, లోపల నీళ్లు పోస్తే దొరుకుతుందట. తెడ్లు రెండు, వెదురు గెడ ఒకటి ఇచ్చాడు. లైఫ్ జాకెట్లు మాత్రం నేను తెప్పించాను. "గవెందుకు?" అన్నాడు గానీ ఆ మాట నేను పట్టించుకోలేదు.

పడవ సిరొంచది, ఎక్కేది వాంగేపల్లిలో. దాన్ని పికప్ బండిలో ఆలపల్లి మీదుగా పైకి మోయించాలి. ఆ రోడ్డు సంగతి ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. మొత్తం ఖర్చులో పెద్ద వాటా ఆ బండి కిరాయే.

పెద్దాయనకు ఇంకో షరతు ఉంది, తన కొడుకును వెంట తీసుకెళ్లాలని. మాకు కావాల్సింది ఎవరూ లేకపోవడం. చాలాసేపు బేరమాడి, కొడుకు మోటార్ సైకిల్ మీద టేకడా వచ్చి మమ్మల్ని చూసి వెళ్లేట్టు ఒప్పించాం. మధ్యలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఇది మాకూ మంచిదే. పోలీస్ స్టేషన్లో కూడా పేర్లు, దారి, ఎప్పటికి చేరతామన్నది రాసిచ్చాం. గడ్చిరోలి జిల్లాలో చెప్పకుండా అడవి ఒడ్డున రాత్రిపూట మంట వేయడం తెలివైన పని కాదు. ఒంటరితనం కోసం ఇంతమందికి చెప్పుకోవాలా అని బావమరిది విసుక్కున్నాడు. నాకైతే ఆ పనులన్నీ ముందే అయిపోతేనే ఏట్లో ప్రశాంతంగా ఉండొచ్చనిపించింది.

చేపల విషయంలో కూడా అడగడం మంచిది. మత్స్యకారుల సొసైటీ వాళ్ల వలలుండే మడుగులు కొన్ని ఉంటాయి, వాటి జోలికి పోకూడదు. మిగతా చోట్ల గాలానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. బొచ్చె, రోహులకు తవుడు, వేరుశనగ చెక్క కలిపిన పిండి, జెల్లకు ఎర్రలు, వాలుగకు బతికున్న చిన్న చేప. వాలుగ పళ్లు నైలాన్ దారాన్ని కొరికేస్తాయి, కొసకు జానెడు సన్న తీగ కట్టాలి.

పడుకోవడానికి ఒడ్డు కంటే ఏటి మధ్య తిన్నెలే నయం. 2024 ఏప్రిల్‌లో గడ్చిరోలి అడవుల్లోంచి ఒక ఏనుగు ప్రాణహిత దాటి, ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. పులులు కూడా ఈ ఏరు దాటుతుంటాయి. తిన్నె మీదకు అవి రావని కాదు, వస్తే దూరం నుంచే కనపడతాయి. అయితే తిన్నెకు నీళ్ల భయం ఉంది. మేం అన్నిటికంటే ఎత్తైన చోట గుడారం వేసి, నీటి అంచున ఒక పుల్ల గుచ్చేవాళ్లం. రాత్రి లేచినప్పుడల్లా టార్చి వేసి, పుల్ల నీళ్లలోకి వచ్చిందా అని చూడటం, పడవ తాడు లాగి చూడటం. ఆ కాస్త టెన్షన్ లేకుండా నిద్రపోవడం కుదరదు.

ఇంత ఏర్పాటు చేసుకున్నాక ప్రయాణం గురించి చెప్పాల్సింది తక్కువే. రోజంతా తెడ్డు చప్పుడు, ఒడ్డున టేకు చెట్లు, అప్పుడప్పుడు నీళ్లు తాగే పశువులు. పగలు చేపలు పెద్దగా పడలేదు. పొద్దుగూకే వేళ ఒక మలుపు దగ్గర లోతు నీళ్లలో వాలుగ పడింది. లాగుతుంటే పడవ ముక్కే అటు తిరిగింది. పైకి తెచ్చాక చూస్తే సగం చేప నోరే అన్నట్టు ఉంది, ఒంటికి పొలుసులు లేవు, చేతికి నిలవదు. తుండుగుడ్డతో తల పట్టుకుంటే గానీ గాలం తీయలేకపోయాం. ఉప్పు, కారం, పసుపు పట్టించి నిప్పుల మీద కాల్చుకున్నాం. మా ఇద్దరికీ ఒక పూటకు మించి వచ్చింది.

సిరొంచకు ముందు కోటా ఊరు వస్తుంది. అక్కడి సున్నపురాయిలో జురాసిక్ కాలపు చేపల శిలాజాలు దొరికాయి. రాయి చూద్దామని దిగాం గానీ తెలిసినవాళ్లు చూపిస్తే తప్ప మనకు ఏదీ ఆనదు.

ఘాటు దగ్గరికి రాగానే ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి చేరామని చెప్పాం. పెద్దాయన పడవను మళ్లీ దుంగల మీదకు ఎక్కించి, తారు పూసిన చోట బొటనవేలితో నొక్కి చూసి, తాడు ఒరుసుకుపోయిందని అద్దెకు కొంత కలిపి తీసుకున్నాడు. ఈసారి ఇంద్రావతి వైపు, అది గోదావరిలో కలిసే సోమనూరు సంగమం దాకా దిగుతామంటే, "గది వేరే ఏరు, గాడి పడవోళ్లను అడుగుండ్రి" అన్నాడు.