రెండు గీతలు వచ్చాయి సరే, ఎక్కడుందో చూశారా?

నిన్న రాత్రి పదకొండు దాటాక మా చెల్లి వాట్సాప్‌లో ఫొటో పంపింది. కిట్టు మీద రెండు గీతలు, ఒకటి చిక్కగా, ఒకటి లేతగా. కింద "అక్కా, మూడో నెల వెళ్ళేదాకా ఎవరికీ చెప్పొద్దంది అమ్మ, నీ ఒక్కదానికే చెప్తున్నా" అని రాసింది. సంతోషంతో ఏడుపొచ్చేసింది, ఆ వెంటనే గుండె దడదడలాడింది. రెండేళ్ళ క్రితం నేనూ అచ్చం ఇలాగే అమ్మ మాట విని నోరు మూసుకుని కూర్చున్నాను. మూడో నెల దాకా నిజంగానే అలా కూర్చుని ఉంటే ఇవాళ దానికి జవాబు రాయడానికి ఉండేదాన్ని కాదేమో.

నాది ట్యూబులో, అంటే అండాశయం దగ్గర నుంచి గర్భసంచికి వెళ్ళే గొట్టంలో, ప్రెగ్నెన్సీ. రిపోర్టుల్లో ఎక్టోపిక్ అని రాస్తారు. పిండం గర్భసంచి దాకా రాకుండా దారిలోనే ఎక్కడో అంటుకుపోతుంది, నూటికి ఒకరిద్దరికి ఇలా అవుతుంది, వాళ్ళలో పదిమందికి తొమ్మిది మందికి పైగా అది ట్యూబులోనే ఉంటుంది. ట్యూబు సన్నగా ఉంటుంది, గర్భసంచిలా సాగదు. లోపల పిండం పెరిగేకొద్దీ అది చీలిపోవచ్చు, చీలితే ఆ రక్తమంతా కడుపులోకే పోతుంది కాబట్టి బట్టల మీద నాలుగు చుక్కలు మాత్రమే కనపడి మనిషి కళ్ళముందే నీరసించిపోతుంది. ఆఖరిసారి నెల వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే, ఎక్కువమందికి ఇది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బయటపడుతుంది. మన ఇళ్ళల్లో "ఎవరికీ చెప్పకండే" అనేది సరిగ్గా ఆ రోజుల్లోనే. దిష్టి తగులుతుందని భయం, ఒకవేళ నిలవకపోతే నలుగురికీ సమాధానం చెప్పుకోవాలన్న భయం, రెండూ నాకు తెలుసు, నేను తప్పుపట్టను. ఊరందరికీ చెప్పక్కర్లేదు. డాక్టరుకి మాత్రం చెప్పాలి.

నాకు డేట్ దాటిన ఆరో రోజున పాజిటివ్ వచ్చింది. ఇంకో ఐదారు రోజులకి టీ డికాక్షన్ రంగులో కొంచెం మరక కనపడింది, మర్నాడు పొద్దున్న దోసె తిరగేస్తుంటే పొత్తికడుపు కుడిపక్క నొప్పి మొదలైంది. కలుక్కుమనే నొప్పి కాదు, లోపల ఒకే చోట ఎవరో వేలు పెట్టి నొక్కి వదిలి, మళ్ళీ నొక్కుతున్నట్టు. మావారు ఆఫీసుకి వెళ్ళిపోయారు. అత్తయ్య చూసి పద పద అని వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్ళారు. ఆయన పొట్ట నొక్కి చూసి గ్యాస్ అని మాత్రలు రాశాడు. ఆఖరిసారి నెల ఎప్పుడొచ్చిందని అడగలేదు. పెళ్ళైన ఆడమనిషి కడుపునొప్పి అని వస్తే ముందు అడగాల్సిన ప్రశ్న అది, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. కానీ నేనూ చెప్పలేదు. పక్కనే అత్తయ్య కూర్చున్నారు, ఆవిడకి ఇంకా చెప్పలేదు మేము, అందుకని తలవంచుకుని చీటీ తీసుకుని వచ్చేశాను. రెండు రోజులు గ్యాస్ మాత్రలు వేసుకున్నాను.

మూడో రోజు రాత్రి బాత్రూమ్‌లోంచి లేస్తుంటే కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. మావారు ఇంకేమీ వినకుండా పొద్దున్నే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళారు. మేడమ్ నేను చెప్పిందంతా విని, బీపీ చూసి, వెంటనే లోపలి స్కాన్‌కి పడుకోమన్నారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. లోపలి స్కాన్ అంటే సిగ్గుపడి "పొట్ట మీద చెయ్యండి చాలు" అనేవాళ్ళని ఆ వెయిటింగ్ హాల్లోనే విన్నాను. ఐదారు వారాలప్పుడు పొట్ట మీది స్కాన్‌లో తెలియనివి లోపలి స్కాన్‌లో తెలుస్తాయి. అయిదు నిమిషాల ఇబ్బంది, అంతే.

తెర మీద అంతా బూడిదరంగు. మేడమ్ అటూ ఇటూ తిప్పి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు, ఆ నిశ్శబ్దంలోనే నాకు సగం అర్థమైపోయింది. "గర్భసంచిలో ఏమీ కనపడట్లేదమ్మా" అన్నారు. మరీ తొందరగా చూస్తున్నామేమో, లేదా నిలవకుండా పోతోందేమో, లేదా వేరేచోట ఉందేమో, ఈ మూడింట్లో ఏదో ఇవాళే తేల్చలేం అన్నారు. గర్భం వల్ల రక్తంలో చేరే హార్మోన్ ఎంతుందో చెప్పే బీటా హెచ్‌సీజీ అనే రక్తపరీక్ష రాశారు. సాయంత్రానికి 1,140 వచ్చింది.

ఈ అంకె గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే రిపోర్టు చేతికి రాగానే అందరూ నెట్‌లో వెతికి బెంబేలెత్తిపోతారు. ఒక్క అంకెతో ఏదీ తేలదు. 48 గంటలు ఆగి మళ్ళీ చేయించి, రెండిటికీ తేడా చూడాలి. అంకె ఈ స్థాయిలో ఉన్నప్పుడు గర్భం సరిగ్గా పెరుగుతుంటే ఆ రెండు రోజుల్లో కనీసం సగమైనా పెరుగుతుంది, చాలామందికి అంతకంటే ఎక్కువే. ట్యూబులో ఉంటే తరచుగా నత్తనడక నడుస్తుంది, అలాగని తప్పకుండా నడవాలనీ లేదు, మామూలుగానే పెరిగి మోసం చేసిన కేసులూ ఉంటాయి, అందుకే అంకెని స్కాన్‌తో కలిపి చూస్తారు. అంకె 1,500 నుంచి 3,500 దాటాక కూడా గర్భసంచిలో పిండం ఉండే చిన్న తిత్తి కనపడలేదంటే అనుమానం గట్టిపడుతుంది. ఈలోపు తొందరపడి పిండం పెరగకుండా ఆపే మందు ఇచ్చేస్తే, మంచి గర్భం ఉండి ఉంటే అదీ పోతుంది. ఆ 48 గంటలు డాక్టర్లు ఊరికే కాలయాపన చేస్తున్నారని మావారి అన్నయ్య అన్నారు. కాదు. ఆ రెండు రోజులు ఆగింది, ఉంటే బిడ్డ దక్కాలని.

ఆ రెండు రోజులూ ఇంట్లో ఒంటరిగా ఉండొద్దని, నొప్పి పెరిగినా కళ్ళు తిరిగినా రాత్రి అనక పగలనక వచ్చేయమని మేడమ్ ఫోన్ నంబరు రాసిచ్చారు. అప్పుడు అత్తయ్యకి చెప్పాం. ఆవిడ నా పక్కనే చాప వేసుకుని పడుకున్నారు.

రెండో రిపోర్టు 1,390. ఐదో వంతు పెరిగిందంతే. ఈసారి స్కాన్‌లో కుడి అండాశయం పక్కన 1.8 సెంటీమీటర్ల ఉంగరంలాంటి గడ్డ కనపడింది. గుండె చప్పుడు లేదు. మేడమ్ తెర నావైపు తిప్పి వేలితో చూపించారు. అంత చిన్నది.

అప్పుడు అత్తయ్య అడిగారు, "దాన్ని తీసి గర్భసంచిలో పెట్టలేరా అమ్మా?" అని. ఆ ప్రశ్న నా గొంతులోనూ ఉంది, అడగలేకపోయాను. మేడమ్ విసుక్కోకుండా కుర్చీ ముందుకి జరుపుకుని చెప్పారు, ఒకసారి అంటుకున్నాక దాన్ని విడదీసి ఇంకోచోట నాటే వైద్యం ప్రపంచంలో ఎక్కడా లేదు, ఆ బిడ్డని బతికించలేం, ఇప్పుడు మీ కోడల్ని కాపాడుకోవాలి అని.

అంకె దానంతటదే తగ్గిపోతుంటే కొందరికి ఏ మందూ లేకుండా గమనిస్తూ ఆగుతారట. నాది పెరుగుతోంది కాబట్టి అది కుదరదు. మిగిలినవి ఇంజక్షన్, ఆపరేషన్. ట్యూబు చీలకుండా ఉండి, బీపీ నిలకడగా ఉండి, గడ్డ చిన్నదై, పిండానికి గుండె కొట్టుకోకుండా, అంకె 5,000 లోపు ఉంటే ఇంజక్షన్‌తో ప్రయత్నిస్తారు, పైగా రక్తం, లివర్, కిడ్నీ పరీక్షలు బాగుండాలి, మళ్ళీ మళ్ళీ పరీక్షలకి రాగలిగేంత దగ్గరలో మనిషి ఉండాలి. చీలితే మాత్రం ఆలోచించే టైమ్ ఉండదు, ఆపరేషనే, చాలాసార్లు ఆ ట్యూబు తీసేయాల్సి వస్తుంది. రెండో ట్యూబు బాగుంటే మళ్ళీ గర్భం వస్తుంది, ఆ భరోసా కూడా అక్కడే ఇచ్చారు. నెగటివ్ బ్లడ్ గ్రూపు వాళ్ళు, తర్వాతి గర్భానికి ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజక్షన్ అవసరమా అని తప్పకుండా అడగాలి.

నా ఎత్తు, బరువు చూసి డోసు లెక్కగట్టి నడుముకి ఇంజక్షన్ ఇచ్చారు. మందు పేరు మెథోట్రెక్సేట్. ఇంటికొచ్చి వెతికితే క్యాన్సర్ మందు అని వచ్చింది, నా చేతులు చల్లబడిపోయాయి. మేడమ్‌కి ఫోన్ చేస్తే, వేగంగా పెరిగే కణాలకి ఫోలిక్ యాసిడ్ కావాలి, ఈ మందు దాన్ని పనిచేయనివ్వదు, అందుకే పెరుగుదల ఆగిపోతుంది, మీకిచ్చింది ఒక్క డోసే, క్యాన్సర్‌కి ఇచ్చే పద్ధతి వేరు అన్నారు. నేను పాజిటివ్ వచ్చిన రోజు నుంచి వేసుకుంటున్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపేయమన్నది అందుకేనట. ఆ స్ట్రిప్‌లో ఇంకా నాలుగు మాత్రలు మిగిలాయి. చాలా రోజులు దాన్ని పారేయలేక బీరువాలో పెట్టుకున్నాను.

ఈ మందు గురించి చదువుతుంటే యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు కనపడింది. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఆయన పుట్టింది భీమవరంలోనే, 1895లో. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీ ల్యాబులో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసిన బృందాన్ని నడిపించారు, ఆ పనిలోంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. 1948లోనే పోయారు. ట్యూబులో ప్రెగ్నెన్సీకి ఈ మందు మొదట వాడింది జపాన్ డాక్టర్లు, 1982లో. అంటే నాలాంటి దానికి ఇది పనికొస్తుందని ఆయనకి తెలియనే తెలియదు. స్కూల్లో పాఠంగా చదివిన మనిషి, మా పక్క ఊరి మనిషి, నా ట్యూబు నాకు మిగిల్చాడు. ఆ రాత్రి మంచం మీద పడుకుని ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను.

ఇంజక్షన్ వేసిన రోజు ఒకటి అనుకుంటే నాలుగో రోజు, ఏడో రోజు మళ్ళీ బీటా పరీక్ష. నాలుగో రోజు 1,720. పెరిగింది! ముందే చెప్పకపోయి ఉంటే అక్కడే కూలబడిపోయేదాన్ని, నాలుగో రోజుకి పెరగడం మామూలేనట. చూడాల్సింది నాలుగుకీ ఏడుకీ మధ్య కనీసం 15 శాతం తగ్గిందా లేదా అని. తగ్గకపోతే రెండో డోసు, లేదా ఆపరేషన్.

ఐదో రోజు అర్ధరాత్రి దాటాక నొప్పి మళ్ళీ వచ్చింది, ఈసారి గట్టిగా. ఆ రోజుల్లో వచ్చే నొప్పి మందు పనిచేస్తున్నందుకు కావచ్చు, చీలినందుకూ కావచ్చు, ఇంట్లో కూర్చుని తేడా చెప్పలేం అని మేడమ్ ముందే చెప్పారు. బ్రూఫెన్‌లాంటి నొప్పి మాత్రలు వేసుకోకూడదు. ఆసుపత్రిలో బీపీ, హిమోగ్లోబిన్, స్కాన్ అన్నీ చూసి చీలలేదన్నారు. తెల్లారేదాకా అక్కడే ఉంచారు. మావారు నా చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే గోడకానుకుని నిలబడి ఉన్నారు, ఎందుకు పట్టుకున్నారో ఆయనకే తెలియదు.

ఏడో రోజు 1,310. తర్వాత వారానికొకసారి 640, 210, 58, 11, ఆఖరికి ఐదు కంటే తక్కువ. ఆరు వారాలు. మూడు నెలల దాకా గర్భం రాకుండా జాగ్రత్తపడమన్నారు. ఆ రోజుల్లో చూడటానికొచ్చిన ప్రతివాళ్ళూ బొప్పాయి తిన్నావా, బండి మీద స్పీడ్ బ్రేకర్ల మీంచి వెళ్ళావా, బిందె ఎత్తావా అని అడిగారు. ఇవేవీ దీనికి కారణం కాదు. పాత ఇన్‌ఫెక్షన్ వల్లో, గర్భసంచికి, ట్యూబులకి పట్టిన టీబీ వల్లో, పూర్వం జరిగిన ఆపరేషన్ వల్లో ట్యూబు లోపల దెబ్బతింటే రావచ్చు, సిగరెట్ కూడా ఒక కారణం, కానీ సగం మందికి ఏ కారణమూ దొరకదు. నాకూ దొరకలేదు. ఈ వ్యాసం చదివే వాళ్ళలో ఎవరైనా అలాంటి మనిషిని చూడటానికి వెళ్తుంటే దయచేసి బొప్పాయి సంగతి అడగకండి. ఆమె ఒక బిడ్డని పోగొట్టుకుంది.

మా అమ్మ దగ్గర పనికొచ్చే అక్క సంగతి కూడా చెప్పాలి. ఇద్దరు పిల్లలయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంది. ఆరేళ్ళ తర్వాత నెల తప్పితే వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు తాగింది. ఆపరేషన్ అయిన మనిషికి గర్భం అని ఎవరనుకుంటారు? ఒకరోజు అంట్లు తోముతూ భుజం లాగేస్తోందని కూర్చుంది, కాసేపటికి చెమటలు పట్టి పక్కకి ఒరిగిపోయింది. కడుపులో చేరిన రక్తం పైకి ఊపిరితిత్తుల కింది పొరని తాకితే నొప్పి భుజం కొసలో తెలుస్తుంది, బరువెత్తి పట్టిందని అందరూ అమృతాంజనం రాస్తారు. 108లో తీసుకెళ్ళి, రక్తం ఎక్కించి, ఆపరేషన్ చేసి బతికించారు. పిల్లలు పుట్టకుండా చేయించుకున్న ఆపరేషన్ తర్వాత గర్భం రావడం చాలా అరుదు, కానీ వస్తే ట్యూబులో ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో పదివేల మందికి పైగా ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధనలో, అలా వచ్చిన గర్భాల్లో దాదాపు మూడో వంతు ట్యూబులోనే ఉన్నాయి. మన ఊళ్ళల్లో ఈ ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు ఇంటికొకరుంటారు. డేట్ దాటితే యాభై రూపాయల కిట్టు తెచ్చి చూసుకోమని అమ్మకి, పిన్నికి, పనికొచ్చే అక్కకి చెప్పండి. కాపర్ టీ ఉన్నవాళ్ళకి కూడా ఇదే మాట.

చెల్లికి రాత్రే ఫోన్ చేశాను. ఆఖరి డేట్ ఎప్పుడు, బ్లడ్ గ్రూపు ఏంటి, నొప్పి ఉందా, మరక కనపడిందా అని అడిగాను. ఏమీ లేవంది. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం పదిలో ఒకటి, అది నా సంగతి, దానికి అలాంటిదేమీ లేదు, అయినా ఆరో వారం నిండగానే స్కాన్ చేయించుకోమన్నాను. నొప్పి వస్తే ఆ వారం దాకా కూడా ఆగొద్దన్నాను. పొద్దున్న అమ్మకి నేనే చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "స్కాన్ ఎన్నింటికే?" అంది. వచ్చే గురువారం తొమ్మిదిన్నరకి. బుధవారం రాత్రి బస్సుకి బయల్దేరుతోంది.