మొక్కు తీరినా ఆగని సిగ్ద్

ఇథియోపియా యూదులకు సిగ్ద్ అని ఒక పండుగ ఉంది. యూదులు ఉపవాసంతో పాపక్షమాపణ కోరే యోమ్ కిప్పూర్ పర్వదినం తర్వాత 50వ రోజున, మా కురుమూర్తి జాతరకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. అక్కడి పల్లెల్లో జనం ఉపవాసం ఉండి కొండ ఎక్కేవాళ్లు, కొందరైతే నెత్తిన రాయి పెట్టుకొని మరీ. పైన కెస్‌లు, అంటే వాళ్ల మతపెద్దలు, వాళ్ల ప్రార్థనల పాత భాష గీజ్‌లో ధర్మగ్రంథం చదివేవాళ్లు. మమ్మల్ని యెరూషలేం చేర్చు దేవుడా అని అందరూ మొక్కి, మధ్యాహ్నం దాటాక కిందికి దిగి తిని ఆడిపాడేవాళ్లు.

ఆ మొక్కు తీరింది, కానీ ఎంత ఖరీదుకు! 1980లలో సూడాన్ మీదుగా నడిచి బయల్దేరినవాళ్లలో దాదాపు 4,000 మంది దారిలోనో శిబిరాల్లోనో చనిపోయారు. 1991 మేలో మాత్రం 36 గంటల్లోనే 14,000 మందికి పైగా విమానాల్లో ఇజ్రాయెల్ చేరారు. మరి చేరాక ఇంక ఆ ప్రార్థన దేనికి?

అయినా ఆపలేదు. యెరూషలేంలో పాతనగరం కనిపించే అర్మోన్ హనత్సీవ్ గుట్ట మీద, రంగురంగుల గొడుగుల కింద, కెస్‌లు ఇప్పటికీ చదువుతారు. ఇప్పుడు అడిగేది యెరూషలేంలో ఒకప్పుడు కూలిన యూదుల ఆలయం మళ్లీ లేవాలని, ఇథియోపియాలోని గోండార్‌లో మిగిలిపోయిన అయినవాళ్లు కూడా రావాలని. 2008లో చట్టం చేసి జాతీయ పండుగగా చేశారు, నాయకులొచ్చి ప్రసంగాలు చేస్తారు. ఇజ్రాయెల్‌లోనే పుట్టిన పిల్లల్లో చాలామందికి గీజ్ రాదు, అందరూ ఉపవాసమూ ఉండరు, బస్సులెక్కి వచ్చి దోస్తులను కలుస్తారు. అది తప్పని నేననను. ఒంటి రంగు చూసి చిన్నచూపు చూసిన చోట, మీరు అసలు యూదులేనా అని మతాధికారులే అనుమానపడి శుద్ధిస్నానం చేయమన్న చోట, అంతమంది ఒక్కచోట తలెత్తుకొని నిలబడటం మామూలు విషయం కాదు.

కానీ గీజ్ పోతే మాత్రం పెద్ద నష్టమే. వలసపోయే పాలమూరు ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఆ భయం తెలుసు. ముంబైలో మా చిన్నమ్మవాళ్లు తంగేడు, గునుగు దొరక్కపోతే బంతిపూలతోనే బతుకమ్మ పేరుస్తారు, దానికేం ఫర్వాలేదు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయినప్పుడు మేమంతా ఎంత సంబరపడ్డామో! అయితే మైకులూ డీజేలూ వచ్చాక మా అమ్మమ్మ పాడే పొడుగు పాటలు ఎవరికీ పూర్తిగా రావట్లేదు. వాటినే ఫోన్‌లో రికార్డు చేసి చిన్నమ్మ కూతురికి పంపుతున్నాను. మొదట్లో సిగ్గుపడి పాడేది కాదు, ఈ మధ్య తనే అడిగి పంపించుకుంటోంది.