పదిహేడో రోజు, 97.9

పొద్దున 5:40.

నెలసరి మొదలై ఇవాళ్టికి 17వ రోజు. థర్మామీటర్ 97.9 చూపించింది. నోట్‌బుక్‌లో 9వ రోజు నుంచి 14 దాకా వరసగా 97.2, 97.0, 97.3, 97.1, 97.2, 97.1. ఆ తర్వాత 97.7, 97.8, ఇవాళ్టిది. అన్నీ ఫారన్‌హీట్‌లోనే. అండం విడుదలైందని తేలాలంటే పొద్దుటి ఒంటి వేడి వరసగా మూడు రోజులు, అంతకుముందు ఆరు రోజుల్లోని పెద్ద అంకెను దాటాలి, మూడో రోజు కనీసం 0.4 ఎక్కువుండాలి. ఇక్కడ పెద్దది 97.3, లెక్క సరిపోయింది. అండం విడుదలైపోయింది, బహుశా 14వ రోజు అటూ ఇటూగా.

విడుదల కాబోతోందని కాదు, అయిపోయిందనే థర్మామీటర్ చెప్పగలిగేది. అండం బయటపడ్డాక అండాశయంలో మిగిలిన భాగం, కార్పస్ లూటియం, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తుంది. ఒంటి వేడి ఎంత ఉండాలో చూసుకునే మెదడు భాగం హైపోథాలమస్. ఆ లెక్కను అది అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా పైకి జరుపుతుంది. అంతకుముందు రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ది పైచేయి. చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి వేడిని బయటికి పంపేస్తుంటుంది. అండం బతికేది మహా అయితే ఒక రోజు. అంకె పెరిగాక గర్భం కోసం ఆరాటపడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. వచ్చే నెల ఎప్పుడో అంచనా వేయాలంటే మూడు నాలుగు నెలల అంకెలు పక్కపక్కన పెట్టుకుంటేనే ఉపయోగం.

97.3 నుంచి 97.9 అంటే పాత పాదరసం థర్మామీటర్ మీద మూడే గీతలు. నిద్రకళ్లకు అవి ఆనవు. పాయింటు తర్వాత రెండంకెలు చూపించే డిజిటల్‌ది నయం. మెలకువ రాగానే, మంచం దిగకముందే, నాలుక కింద పెట్టి బీప్ వచ్చేదాకా నోరు మూసుకోవాలి. గ్లాసుడు నీళ్లు తాగినా, బాత్రూమ్‌కి వెళ్లొచ్చినా ఆ అంకె పనికిరాదు. మూడు నాలుగు గంటల నిద్రయినా లేకపోతే అంతే. జలుబు, నైట్ షిఫ్టు, గంట ఆలస్యంగా లేవడం... అలాంటి రోజున అంకె కొట్టేయకుండా పక్కన కారణం రాసుకోవాలి.

మధ్యాహ్నం.

ఈ ఎండలకు ప్రతి ఇంట్లో ఒకటే మాట: వేడి చేసింది. సబ్జా నీళ్లు, మజ్జిగ దాహం తీరుస్తాయి, ప్రొజెస్టెరాన్ పెంచిన అర డిగ్రీని మాత్రం దించవు. అండం విడుదలయ్యాక వచ్చే ఈ రెండో సగంలో ఒళ్లు ఇంకాస్త వేడెక్కితే గానీ చెమట మొదలుకాదు. ఉక్క ఎక్కువనిపించడం ఉత్త భ్రమేమీ కాదు.

రాత్రి.

గర్భం నిలిస్తే ఈ అంకె దిగదు, మొదటి మూడు నెలలూ పైనే ఉంటుంది. తర్వాత నెలలు నిండేకొద్దీ మెల్లగా తగ్గుతుంది. విచిత్రమేమిటంటే గర్భిణికి అప్పుడే ఒళ్లు ఉడికిపోతున్నట్టుంటుంది. రక్తం దాదాపు సగం పాళ్లు పెరిగి, చర్మం వైపు ఎక్కువగా పారుతుంటుంది మరి. అయితే 100.4 చూపిస్తే అది హార్మోన్ పని కాదు, జ్వరం. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, మలేరియానో, డెంగీనో కావచ్చు. ‘వేడి చేసిందిలే’ అని ఇంట్లో కూర్చోకుండా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి.

గర్భం లేకపోతే నెలసరికి ఒకరోజు ముందో, ఆ రోజో అంకె దిగిపోతుంది. 18 రోజులు దిగకుండా నిలిస్తే టెస్టు చేసుకోవాలి. 15వ రోజు నుంచి లెక్కేస్తే 32వ రోజుకి అవి నిండుతాయి. ఆ గడిలో పెన్సిల్‌తో ఒక చుక్క.