కొహిమా కొండమీద బియ్యం లెక్క

నాగాలాండ్‌లో దిమాపూర్ నుంచి రాజధాని కొహిమా 74 కిలోమీటర్లు. సుమో స్టాండులో బోర్డు మీద రాసిన చార్జీ ఒకటి, నా దగ్గర తీసుకున్నది మరొకటి. బ్యాగుకు విడిగా ఇవ్వాలన్నారు, కిటికీ పక్క సీటుకు ఇంకొంత అన్నారు. విశాఖ నుంచి వివేక్ ఎక్స్‌ప్రెస్‌లో అంత దూరం వచ్చాక వాదించే ఓపిక లేక ఇచ్చేశాను గానీ, ఆ కోపం చుమౌకెదిమా దాటేదాకా చల్లారలేదు. అక్కడినుంచి భయం మొదలైంది. నాలుగు వరుసల రోడ్డు కోసం కొండను నిలువునా కోసిన చోట్ల పచ్చిమట్టి బయటపడి ఉంది. పైన రాళ్లు దేని ఆసరాతో ఆగాయో తెలియదు. వాన పడితే ఈ దారి ఎన్ని గంటలు మూసుకుపోతుందో చెప్పలేమని డ్రైవరు అన్నాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో ఇక్కడ జరిగిన పోరాటమంతా ఈ దారి కోసమే. బర్మా సరిహద్దులో ఉన్న బ్రిటిష్, భారతీయ దళాలకు తిండి, మందుగుండు, పెట్రోలు దిమాపూర్‌లో రైలు దిగి, ఈ ఒక్క రోడ్డు మీదే కొహిమాకు, అక్కడినుంచి ఇంఫాల్‌కు వెళ్లేవి. జపాన్ 15వ సైన్యాధిపతి ముతాగుచి దాన్ని కొహిమా దగ్గర తెంచేయాలనుకున్నాడు. జనరల్ సాతో నాయకత్వంలో 31వ డివిజను బర్మాలోని చింద్విన్ నది దాటి, బండి దారి కూడా లేని కొండలెక్కి వచ్చింది. అంత అడవిలోంచి మహా అయితే డివిజనులో ఒక భాగమైన ఒక్క రెజిమెంటు వస్తుందని బ్రిటిష్ సేనాపతి స్లిమ్ అంచనా వేశాడు. వచ్చింది 12,000 మందికి పైగా. వాళ్లు ముట్టడించిన కొహిమా శిబిరంలో ఉన్నది దాదాపు 2,500 మంది. వాళ్లలో పోరాడగలిగినవాళ్లు 1,500 మంది.

రెండో ప్రపంచ యుద్ధాన్ని మలుపు తిప్పిన పోరాటాలంటే మా బడిలో మిడ్వే, ఎల్ అలమీన్, స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ అని వరుసగా వల్లె వేయించారు. మన దేశపు నేల మీదే జపాన్ సైన్యం వెనుదిరిగిన చోటును ఒక్కరూ చెప్పలేదు. ఇది నన్ను నిజంగా బాధించింది. కారణాలు లేకపోలేదు. 1944 జూన్ 6న మిత్రసేనలు నార్మండీలో దిగాయి. ఇంఫాల్ రోడ్డు తెరుచుకున్నది జూన్ 22న. ప్రపంచం చూపంతా అప్పటికి ఫ్రాన్స్ మీద ఉంది. పైగా జపాన్ వాళ్లతో కలిసి వచ్చింది నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు. ఈ గెలుపును తనదని చెప్పుకోవాలో వద్దో స్వతంత్ర భారతం తేల్చుకోలేకపోయింది. అయినా రెండు పక్షాలలోనూ మన పిల్లలు చనిపోయారు. ఆ మాటైనా చెప్పవలసింది.

ఆ శిబిరం నిలిచిన గారిసన్ హిల్ ఊరి నడిమధ్యనే ఉంది. కింద కూడలిలో హారన్ల మోత, పైన మెట్లు మెట్లుగా చెక్కిన కొండ వాలు, దానిమీద 1,420 సమాధులు. వచ్చినవాళ్లంతా అడుగున ఉన్న బ్రిటిష్ 2వ డివిజను స్మారకశిల దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. దయచేసి పైకి ఎక్కండి. నడిమి మెట్టు మీద, డిప్యూటీ కమిషనర్ పాసీ బంగళా ఉన్న చోట, టెన్నిస్ కోర్టు గీతలను తెల్లగా అలాగే నిలిపి ఉంచారు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. 24 మీటర్లు కూడా లేదు. ఆ చివర జపాన్ వాళ్ల గుంతలు, ఈ చివర బ్రిటిష్, భారతీయ సైనికుల గుంతలు, మధ్యలో చేతి బాంబులు. తాగే నీళ్లు కొలిచి పంచుకున్నారు. గాయపడినవాళ్లను ఎక్కడికీ తరలించే వీలులేక పడుకోబెట్టిన చోటే మళ్లీ గుండ్లు తగిలేవి. కొన్ని మైళ్ల అవతల జోత్సోమా నుంచి మన భారతీయ ఫిరంగి దళాలు తమవాళ్లకు కొద్ది గజాల ముందు మాత్రమే పడేలా గురి చూసి కొట్టడం వల్లే శిబిరం నిలిచిందని అక్కడ పోరాడినవాళ్లే చెప్పారు. ముట్టడి ఏప్రిల్ 20 నాటికి సడలినా, ఈ కోర్టు మాత్రం మే 13 దాకా చేతికి రాలేదు. చివరికి కొండమీదికి ఒక ట్యాంకును ఎక్కించి, ఇక్కడికి దించవలసి వచ్చింది.

అన్నిటికంటే పైన, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లున్న స్మారకం. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. రెజిమెంటు వారీగా పేర్లన్నీ పెదవులు కదుపుతూ చదివాను. ఎవరో ఒకరు చదవాలనిపించింది.

దిగేసరికి ఆకలి దంచేస్తోంది. ఇక్కడ భోజనం దొరికే చిన్న దుకాణాలను రైస్ హోటల్ అంటారు. పెద్ద పళ్లెం నిండా అన్నం, పలచని పప్పు, ఉడికించిన ఆకుకూర, పొగబెట్టిన పంది మాంసంతో వండిన అఖుని కూర, పక్కన రాజా మిర్చి పచ్చడి. అఖుని అంటే పులియబెట్టిన సోయా గింజలు. మొదటి ముద్దకు ఆ వాసన ముక్కు పట్టుకున్నా, మూడో ముద్దకు ఇంకొంచెం వేయమన్నాను. అన్నం మాత్రం అడిగినంత పెడతారు. దిమాపూర్‌లో పోయిన డబ్బు మీద కోపం అక్కడితో తీరిపోయింది.

ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న అంగామీ నాగా తెగకు చెందిన ఒక పెద్దాయన నేను ఎక్కడినుంచి వచ్చానో అడిగారు. సమాధులు చూడటానికి వచ్చానంటే, "అయితే బియ్యం సంగతి ఎవరైనా చెప్పారా మీకు?" అన్నారు హిందీలో. వాళ్లమ్మకు అప్పుడు పదేళ్లట. జపాన్ సైనికులు మొదట మర్యాదగానే వచ్చి, కాగితపు నోట్లిచ్చి బియ్యం, పందులు కొన్నారట. ఆ నోట్లు ఆ తర్వాత ఎందుకూ పనికిరాలేదు. కొన్ని వారాలకు నోట్లూ పోయాయి, గాదెల్లో ఉన్నది ఊడ్చుకుపోవడమే మిగిలింది. ఊళ్లవాళ్లు అడవిలోకి వెళ్లి దుంపలు తవ్వుకు తిన్నారు. పైనుంచి బ్రిటిష్ విమానాల బాంబులకు బడా బస్తీ అనే కొహిమా పాత ఊళ్లో ఇళ్లు కాలిపోయాయి. "ఇద్దరికీ మా కొండే కావలసి వచ్చింది" అన్నారాయన, అన్నం కలుపుకుంటూ.

ఆయన చెప్పిందే అసలు మలుపు. ముతాగుచి తన సైనికులకు కట్టిచ్చింది మూడు వారాల తిండి. వెంట తోలుకొచ్చిన పశువుల్లో చాలా భాగం చింద్విన్‌లో, కొండ దారుల్లో పోయాయి. దిమాపూర్ గోదాములు దొరికితే కడుపు నిండుతుందనే ధైర్యంతో వచ్చిన సైన్యం అది. వెనకనుంచి బియ్యం పంపమని సాతో మొత్తుకున్నా రాలేదు. మే 31న ఆయన పై ఆజ్ఞను ధిక్కరించి వెనక్కి మళ్లాడు. అందుకు ఆయనకు మతి సరిగా లేదని తేల్చి పదవి నుంచి తీసేశారు. తన మనుషులు ఆకలితో రాలిపోతుంటే చూడలేకపోయిన ఆ ఒక్కడికే మతి స్థిమితంగా ఉందని నా నమ్మకం. ఇంఫాల్, కొహిమా కలిపి వచ్చిన దాదాపు 85,000 మంది జపాన్ సైనికుల్లో 30,000 మంది తిరిగి వెళ్లలేదు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది ఆకలి, జబ్బులు.

పెద్దాయనకు మా ఊరి సంగతి చెప్పాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్టణం దాదాపు ఖాళీ అయింది. మా నానమ్మ ఒళ్లో బిడ్డతో, బండి మీద రెండు బస్తాల బియ్యంతో విజయనగరం వైపు వెళ్లిపోయిందట. బంగారం ఎక్కడ దాచారో ఆమె ఎప్పుడూ చెప్పలేదు గానీ, ఆ రెండు బస్తాల గురించి చనిపోయేదాకా చెప్పింది. ఆనాటి బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఆయన ఆశ్చర్యపోయారు. జపాన్ వాళ్లు అంత దూరం వచ్చారని ఆయనకు తెలియదు, కొహిమాలో ఏం జరిగిందో మాకు తెలియనట్టే.

మర్నాడు ఇంఫాల్ వెళ్లాలని బయలుదేరాను. 1944 జూన్ 22న కొహిమా నుంచి, ఇంఫాల్ నుంచి వచ్చిన దళాలు కలుసుకున్న 109వ మైలురాయి ఆ దారిలోనే ఉంది. సుమో స్టాండులో అడిగితే మణిపూర్ సరిహద్దులోని మావో గేటు దాకా తీసుకెళ్తామన్నారు, ఆ పైన కొత్తవాళ్లు ఇప్పుడు వెళ్లకపోవడమే మంచిదన్నారు. 2023లో మణిపూర్‌లో మైతేయి, కుకీల మధ్య ఘర్షణలు మొదలైనప్పటినుంచి ఒకరి ఊళ్ల మీదుగా మరొకరు వెళ్లడం కష్టమైంది. ఎనభై ఏళ్ల క్రితం అంతమంది చచ్చి తెరిచిన రోడ్డు అది. చాలాసేపు ఆ స్టాండులోనే నిలబడి, చివరికి దిమాపూర్ సుమోకే టికెట్టు కొన్నాను.