మట్టిని తొక్కనివ్వని ఉద్యోగం

సియాటెల్‌లో తెలుగువాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్తే మొదటి ప్రశ్న "అమెజానా, మైక్రోసాఫ్టా?" అని. రెండూ కాదు, ఫుట్‌పాత్‌లు కట్టించే పని అంటే కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరో ఒకరు "ఓ, సివిలా! ఇంకా అందులోనే ఉన్నారా?" అని జాలిగా అడుగుతారు.

అందులోనే ఉన్నాను. సైట్ ఇన్‌స్పెక్టర్‌ని. పని ఎక్కువగా ఊరికి ఉత్తరాన, 85వ వీధి దాటాక ఉన్న పేటల్లో. వాటిలో చాలా భాగం 1950ల దాకా సియాటెల్‌లో కలవలేదు. కౌంటీ (మన జిల్లా లాంటిది) కింద ఉండగానే ఇళ్ళు లేచాయి, రోడ్డు పక్కన ఒక కాలవ తవ్వి వదిలేశారు. ఇప్పటికీ చాలా వీధుల్లో పిల్లలు కార్ల పక్కనే కంకర మీద నడిచి స్కూలుకు పోతారు. ఇంత డబ్బున్న ఊళ్ళో ఫుట్‌పాత్ వెయ్యడానికేం రోగం అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. కాంక్రీటు వెయ్యడం పెద్ద పనేమీ కాదు. కానీ అది వేస్తే పాత కాలవ పూడిపోతుంది. ఇన్నాళ్ళూ నేలలోకి ఇంకిన వాన జారిపోయి ఎవరి బేస్‌మెంట్‌లోకో చేరుతుంది. అందుకే ముందు నీళ్ళ సంగతి తేల్చాలి. ఖర్చంతా అక్కడే.

గొట్టాలు వేసి నీళ్ళు బయటికి పంపెయ్యొచ్చు. కానీ అవి పోయేది థార్న్‌టన్ క్రీక్, పైపర్స్ క్రీక్ లాంటి వాగుల్లోకి. ఒక్కసారిగా వచ్చిపడే నీటికి వాగు గట్లు కోసుకుపోతాయి. ఇంకోటి కూడా ఉంది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చిన కోహో సాల్మన్ చేపలు వాన పడగానే ఎందుకు చచ్చిపోతున్నాయో ఏళ్ళ తరబడి అంతుపట్టలేదు. చివరికి 2020లో కారణం దొరికింది. టైర్లు చిట్లకుండా రబ్బరులో కలిపే ఒక రసాయనం గాలి తగిలి విషంగా మారుతోంది, రోడ్డు మీద నుంచి అదే వాగులోకి వెళ్తోంది. ఆ నీటిని కంపోస్టు కలిసిన ఇసుక మట్టిలోంచి పోనిస్తే చేపలు బతుకుతున్నాయి.

ఈ పద్ధతికి ఇక్కడ మొదటి నమూనా 2001 నాటిది. నార్త్‌వెస్ట్ 117, 120 వీధుల మధ్య రెండో అవెన్యూలో రోడ్డును 14 అడుగులకు కుదించి, వంపులు తిప్పి, పక్కన వెడల్పాటి లోతు తక్కువ పల్లాలు తవ్వి మొక్కలు నాటారు. ఒక వైపు ఫుట్‌పాత్ వేశారు. ఆ పల్లాలను స్వేల్స్ అంటారు. తర్వాత కొలిచి చూస్తే, వీధి దాటి బయటికి పోయే వాననీరు దాదాపు 99 శాతం తగ్గింది.

మన కాలేజీల్లో సివిల్ చదివినవాళ్ళకు మట్టి అంటే దిమ్మిస కొట్టాల్సిందే. మట్టి ఎంత గట్టిగా అణుగుతుందో ల్యాబులో తేల్చే ప్రోక్టర్ టెస్ట్, సైట్‌లో అందులో 95 శాతం కంపాక్షన్, అది రాకపోతే బిల్లు పాస్ కాదు. ఇక్కడా ఫుట్‌పాత్ కింద కంకరకు అదే లెక్క. నాలుగడుగులు ఇవతలికి వస్తే లెక్క తిరగబడుతుంది. స్వేల్ అడుగున ఒక్క చక్రం తిరిగినా నేల గట్టిపడి నీళ్ళు దిగవు. ఎక్స్‌కవేటర్ గట్టు మీదే ఉండి చెయ్యి చాచి తవ్వాలి. అరవై పాళ్ళు ఇసుక, నలభై పాళ్ళు కంపోస్టు కలిపిన మట్టిని మెల్లగా జారవిడవాలి. ఇరుకు వీధిలో ఆపరేటర్‌కు నరకం. నా డ్యూటీలో సగం ఆ బండికి అడ్డం నిలబడటమే. ఇది ఫోన్లో చెబితే నాన్న పగలబడి నవ్వాడు. "దిష్టిబొమ్మ చేసే పనికి డాలర్లు ఇస్తున్నారన్నమాట!" అని, వెంటనే రైతు బుద్ధి పోనిచ్చుకోక, "అంత ఇసుకలో మొక్క నిలుస్తుందట్రా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. శీతాకాలమంతా తడిలో నానాలి, జులై ఆగస్టుల్లో చినుకు లేకుండా తట్టుకోవాలి. అందుకే తుంగ జాతులు, ఎర్ర కొమ్మల డాగ్‌వుడ్ లాంటివి వేస్తాం. మొదటి రెండు మూడు వేసవులు నీళ్ళు పోయాల్సిందే.

పేటలో వాళ్ళతో పేచీ వేరే. ఇంటి ముందు కంకర జాగా నగరానిదని కాగితాల్లో ఉంటుంది. కానీ అక్కడ ముప్పై ఏళ్ళుగా పడవ పెట్టుకున్న పెద్దమనిషికి అది సొంత స్థలమే. ఒక పెద్దావిడ రోజూ కుక్కను తిప్పుతూ వచ్చి "దోమలు రావని రాసిస్తావా?" అనేది. నీళ్ళు ఒక రోజులో ఇంకిపోతాయని, దోమ గుడ్డు పెట్టి పిల్ల ఎగరడానికి అంతకంటే చాలా రోజులు పడుతుందని చెప్పేవాణ్ణి. ఆవిడ భయం వట్టిదేం కాదు. 2010లో బల్లార్డ్ పేటలో కట్టిన రెయిన్ గార్డెన్లలో (ఇలాగే వాననీటిని ఇంకించే మొక్కల పల్లాలు) కొన్ని ఇంకక నిలిచిపోయి గొడవైంది. మంచుయుగం నాటి హిమానీనదాలు నొక్కి వదిలిన గట్టి పొర ఈ ఊరి కింద చాలాచోట్ల ఉంది, నీళ్ళు దాన్ని దాటవు. అందుకని ఇప్పుడు ముందే గుంత తవ్వి, గంటల తరబడి నీళ్ళు పట్టి, గంటకు ఎన్ని అంగుళాలు దిగుతోందో చూస్తాం. దిగకపోతే అడుగున చిల్లుల పైపు వేస్తాం.

హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు ఫొటోలు చూసి "మన దగ్గరా పెట్టొచ్చు కదరా" అంటాడు. సియాటెల్‌లో ఏడాదికి 95 సెంటీమీటర్ల వాన, హైదరాబాద్‌లో 80కి అటూఇటూ. అంకెలు చూస్తే మనదే తేలిక అనిపిస్తుంది. కానీ ఇక్కడ వాన నెలల తరబడి తుంపర్లుగా పడుతుంది. అక్కడ 2020 అక్టోబర్‌లో ఘట్‌కేసర్‌లో ఒక్క రోజులోనే 32 సెంటీమీటర్లు కురిసింది. ఇక్కడి కొలతల స్వేల్ కాసేపట్లోనే పొర్లిపోతుంది. పైగా మురుగు కలిసిన నాలా నీటిని ఈ మట్టికి తాగించకూడదు. మా డ్రాయింగులు పట్టుకెళ్తే పనికిరావు కానీ, గుంత తవ్వి నీళ్ళు పోసి చూసే పరీక్ష ఎక్కడైనా చెయ్యొచ్చు, ముందు మీ అపార్ట్‌మెంట్‌లోనే చెయ్యమన్నాను. గేటు నుంచి వెనక గోడ దాకా పార దిగే చోటే లేదట, అంతా టైల్సేనట. పోయిన ఏడాదే వేయించారట.